ఫోన్‌లో పాపసంకీర్తనం ఎందుకు చెల్లదు? 1602 నాటి ఒక "అండ్" కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ముందు ఆ ప్రశ్న ఎంత బరువైనదో చూద్దాం.

2020 మార్చి. ఇటలీ ఉత్తరాన బెర్గామో. కరోనా దెబ్బకి ఆసుపత్రుల్లో మంచాలు చాలట్లేదు. చాలాచోట్ల ఐసీయూలోకి ఇంట్లోవాళ్లనే రానివ్వట్లేదు, ఇంక ఫాదర్‌ని ఏం రానిస్తారు? ఆ ఒక్క మేత్రాసనంలోనే కొన్ని వారాల్లో 20 మందికి పైగా గురువులు చనిపోయారు. లోపల మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడనుకోండి. పుట్టినప్పటి నుంచీ కతోలికుడు. రేపటిదాకా ఉంటాడో లేదో తెలీదు. నర్సు గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. అవతల లైన్లో ఆయన విచారణ గురువు. మాట స్పష్టంగా వినిపిస్తోంది. పెద్దాయన తన పాపాలు చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ ఫాదర్ ఫోన్లోనే "నీ పాపాలు క్షమిస్తున్నాను" అనొచ్చా?

కతోలిక సంఘం సమాధానం: కుదరదు. కలిసి ప్రార్థన చేయొచ్చు, ధైర్యం చెప్పొచ్చు, కానీ ఆ పాపవిమోచనం మాత్రం ఫోన్లో ఇవ్వడానికి లేదు. ఈ రూల్ కరోనా కోసం రాసింది కాదు, వాట్సాప్ కోసం రాసింది అంతకన్నా కాదు. అప్పటికి 418 ఏళ్ల కిందట, కరెంటు కూడా లేని రోజుల్లో, ఉత్తరాల గురించి రాసింది.

కతోలికులు కాని ఫ్రెండ్స్ కోసం రెండు ముక్కలు. పాపసంకీర్తనం అంటే గురువు దగ్గరికి వెళ్లి, చేసిన తప్పులు నోటితో చెప్పుకుని, క్షమాపణ పొందడం. ఏడు దివ్యసంస్కారాల్లో ఇదొకటి. గురువు కౌన్సిలర్ కాదు, సలహా ఇచ్చి పంపేయడానికి. ఆయన పలికే మాటతోనే క్షమాపణ జరుగుతుందని నమ్మకం. అందుకే ఆ మాట ఎక్కడ, ఎలా పలకాలన్నదాని మీద ఇంత చరిత్ర ఉంది.

ఇప్పుడు 1602కి వెళ్దాం. రోములో 8వ క్లెమెంట్ పోపు. అప్పట్లో దూరాలు ఎలా ఉండేవో ఆలోచించండి. గురువు ఒక ఊళ్లో, చావుబతుకుల్లో ఉన్న మనిషి ఇంకో ఊళ్లో, మధ్యలో గుర్రం మీద రెండు రోజుల దారి. మరి పాపాలన్నీ ఉత్తరంలో రాసి పంపితే, గురువు తిరుగు ఉత్తరంలో క్షమాపణ పంపొచ్చా? కొందరు వేదాంత పండితులు పంపొచ్చన్నారు. ఆ ఏడాది జూన్ 20న రోము నుంచి డిక్రీ వచ్చింది. అక్కడ లేని గురువుకి ఉత్తరం ద్వారా గానీ, మనిషి ద్వారా గానీ పాపాలు చెప్పుకుని, అండ్, అక్కడ లేని ఆ గురువు నుంచే క్షమాపణ పొందడం సరైనదే అన్న వాదన తప్పు, దాన్ని ఎవరూ బోధించకూడదు. డిక్రీ సారాంశం ఇదీ.

నేను ఆ "అండ్"ని కావాలనే నొక్కి చెప్పాను. ఎందుకంటే యూరప్‌లో పేరుమోసిన ఒక మేధావి సరిగ్గా దాన్నే పట్టుకున్నాడు. ఆయన ఫ్రాన్సిస్కో స్వారెజ్. స్పెయిన్‌కి చెందిన జెస్యూట్ గురువు, అప్పుడు పోర్చుగల్‌లోని కోయింబ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఆయన లాజిక్ వినండి. డిక్రీ ఖండించింది దేన్ని? దూరం నుంచి చెప్పుకోవడం, అండ్, దూరం నుంచే క్షమాపణ పొందడం. అంటే రెండూ కలిసి జరిగితేనే తప్పు. మరి రోగి ముందు ఉత్తరం పంపాడు, గురువు అది చదువుకుని, ప్రయాణం చేసి వచ్చి, మంచం పక్కనే నిలబడి క్షమాపణ పలికాడు. ఇక్కడ మొదటి సగం దూరం నుంచి జరిగింది, రెండో సగం ఎదురుగానే జరిగింది. ఇది డిక్రీ కిందకి రాదు కదా, అన్నాడు.

బీటెక్ చదివినవాళ్లకి ఈపాటికి ట్యూబ్‌లైట్ వెలిగే ఉంటుంది. "ఏ అండ్ బి" ఫాల్స్ అయితే ఏ ఒక్కటే ట్రూ అయి ఉండొచ్చు. "నాట్ ఏ అండ్ నాట్ బి" అంటే మాత్రం రెండూ పోయినట్టే. సెకండియర్‌లో మనం బట్టీ పట్టిన డి మోర్గన్ రూల్సే ఇవి. ఆ డి మోర్గన్ పుట్టడానికి ఇంకా 200 ఏళ్లు ఉంది, వీళ్లు మాత్రం ఆ కొట్లాట అప్పుడే మొదలుపెట్టారు. రోముకి ఈ తెలివి అస్సలు నచ్చలేదు. 1603లోనే స్వారెజ్ వివరణ చెల్లదన్నారు. డిక్రీలో రెండు సగాలూ దేనికది తప్పే: దూరం నుంచి చెప్పుకోవడమూ కుదరదు, దూరం నుంచి క్షమించడమూ కుదరదు. ఆయన ఊరుకోలేదు, రోముకి వెళ్లి తన వాదన వినిపించుకున్నాడు. తర్వాత వచ్చిన 5వ పాల్ పోపు కాలంలో, 1605లో, మళ్లీ అదే తీర్పు.

స్వారెజ్‌ది ఉత్త మాటకారితనం అని కొట్టిపారేయకండి. ఆయన దగ్గర ఇంకో బలమైన ఉదాహరణ ఉంది. రోగి "ఫాదర్‌ని పిలవండి" అని అడిగాడు, గురువు వచ్చేలోపు స్పృహ తప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు "అడిగాడండీ, మేం విన్నాం" అన్నారు. అప్పుడు గురువు ఆ స్పృహలేని మనిషికి క్షమాపణ పలకొచ్చు. ఇది 5వ శతాబ్దంలో లియో పోపు నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఇక్కడ రోగి ఒక్క మాటా మాట్లాడలేదు, వేరేవాళ్ల నోటితో కబురు అందింది, అయినా సంస్కారం చెల్లుతోంది కదా, మరి నా ఉత్తరం ఎందుకు చెల్లదు అని స్వారెజ్ ప్రశ్న. రోము ఏమందంటే: అది వేరే సంగతి, దీనికి దానికి ముడిపెట్టొద్దు.

నా దృష్టిలో మొత్తం కథకి తాళంచెవి ఇక్కడే ఉంది. మాట లేకపోయినా పర్లేదు, మనిషి ఉండాలి. బెర్గామో పెద్దాయన దగ్గర సీన్ దీనికి సరిగ్గా రివర్స్. మాట ఉంది, మనిషి ఎదురుగా లేడు.

సరే, ఉత్తరాల కథ అయిపోయింది. 1876లో గ్రహాంబెల్ టెలిఫోన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఎనిమిదేళ్లు గడిచాయో లేదో, రోములో ఇలాంటి విషయాలు చూసే అపోస్టలిక్ పెనిటెన్షియరీ అనే ఆఫీసుకి ఒక ప్రశ్న వచ్చింది. అత్యవసరమైన పరిస్థితిలో టెలిఫోన్ ద్వారా పాపవిమోచనం ఇవ్వొచ్చా? అంటే మనం 2020లో అడిగిన ప్రశ్నే, 1884లో. జులై 1న జవాబు వచ్చింది. ఏమని? దీనికి జవాబు ఇవ్వనక్కర్లేదు అని.

నవ్వకండి, నిజంగానే అంతే. బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు. చూసి వదిలేశారు. అవును అనలేదు, కాదు అనలేదు. తర్వాత వేదాంత పుస్తకాలు రాసినవాళ్లు ఈ మౌనాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. కొందరు "అస్సలు చెల్లదు" అన్నారు, కొందరు "ప్రాణం పోయేటప్పుడు వేరే దారే లేకపోతే, చెల్లుతుందేమోనన్న ఆశతో ఇవ్వొచ్చు" అన్నారు. ఆ "ఏమో"ని గుర్తుపెట్టుకోండి.

ఇదంతా విని, కతోలిక సంఘానికి టెక్నాలజీ అంటే పడదు అనుకుంటున్నారా? పప్పులో కాలేసినట్టే. వాటికన్ రేడియోని కట్టింది ఎవరో తెలుసా? స్వయంగా మార్కోనీ. 1931 ఫిబ్రవరి 12న 11వ పయస్ పోపు ఆ మైకులో లాటిన్‌లో ప్రపంచాన్ని ఉద్దేశించి మాట్లాడారు. వాటికన్ వెబ్‌సైట్ 1995 క్రిస్మస్‌కే వచ్చేసింది. అప్పటికి మనలో చాలామంది పుట్టలేదు. దాన్ని నడిపించింది జుడిత్ జోబెలైన్ అనే అమెరికన్ సిస్టర్. సర్వర్లకి రఫాయేలు, మిఖాయేలు, గబ్రియేలు అని దేవదూతల పేర్లు పెట్టారు. మేం పనిచేసిన ప్రాజెక్టుల్లో సర్వర్లకి సినిమా హీరోల పేర్లు పెట్టేవాళ్లం, అది వేరే విషయం. 2001 నవంబరులో 2వ జాన్ పాల్ పోపు, ఒళ్లంతా వణుకుతున్న వయసులో, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఓషియానియా దేశాల సంఘాలకి ఒక పెద్ద లేఖని ఈమెయిల్‌లో పంపారు. 2012 డిసెంబరు 12న 16వ బెనెడిక్ట్ పోపు మొదటి ట్వీట్.

ఇక ఎస్ఎంఎస్ విషయానికొస్తే ఫిలిప్పీన్స్ గురించి చెప్పుకోకుండా ముందుకెళ్లలేం. ఆ దేశంలో ఎక్కువమంది కతోలికులు. 1986 ఫిబ్రవరి 22 రాత్రి, నియంత మార్కోస్ మీద తిరగబడిన ఇద్దరు నాయకులు మనీలాలోని సైనిక శిబిరాల్లో చిక్కుకుపోయారు. అప్పుడు కార్డినల్ హైమే సిన్, రేడియో వెరితాస్ అనే కతోలిక స్టేషన్‌లో, ప్రజలారా వెళ్లి వాళ్లకి అండగా నిలబడండి అని పిలుపిచ్చారు. జనం ఎడ్సా అనే పెద్ద రోడ్డు మీదకి లక్షల్లో వచ్చారు. సైన్యం వెళ్లి ఆ రేడియో ట్రాన్స్‌మిటర్‌ని పగలగొట్టింది. అయినా వేరేచోటు నుంచి ప్రసారం కొనసాగింది. నాలుగో రోజుకి మార్కోస్ దేశం వదిలి పారిపోయాడు. పదిహేనేళ్ల తర్వాత, 2001 జనవరి 16 రాత్రి, అధ్యక్షుడు ఎస్ట్రాడా అవినీతి విచారణలో ఒక కవరు తెరవొద్దని సెనేట్ 11-10 ఓట్లతో తేల్చింది. జనం టీవీలో చూశారు, ఫోన్లు తీశారు. ఎడ్సాకి రండి, నల్లబట్టలు వేసుకోండి అని చిన్న మెసేజ్. ఫార్వర్డ్, ఫార్వర్డ్, ఫార్వర్డ్. చేరిన చోటు అదే రోడ్డు, మొదటి తిరుగుబాటు గుర్తుగా కట్టిన మరియమాత గుడి దగ్గర. కార్డినల్ సిన్ కూడా అక్కడే. జనవరి 20న ఎస్ట్రాడా అధ్యక్ష భవనం వదిలి వెళ్లిపోయాడు. రేడియో చేసిన పనిని ఈసారి టెక్స్ట్ మెసేజ్ చేసింది.

ఇక్కడ మనకి సంబంధించిన చిన్న ముక్క ఒకటి. అదే మనీలా నుంచి రేడియో వెరితాస్ ఏషియా అనే మరో సర్వీసు ఆసియా భాషల్లో షార్ట్‌వేవ్ ప్రసారాలు చేసేది. అందులో తెలుగు కూడా ఉండేది. గరగర శబ్దం మధ్య ముల్లు తిప్పుకుంటూ మనీలా నుంచి తెలుగు వినడం, ఇప్పటివాళ్లకి చెప్తే నమ్మరు. 2018 జూన్ 30తో షార్ట్‌వేవ్ ఆపేసి డిజిటల్‌లోకి మారిపోయారు. రేడియో పోయి ఫోన్ వచ్చింది.

మళ్లీ అసలు విషయానికి. ప్రభుత్వాన్నే దింపిన ఎస్ఎంఎస్ పాపాన్ని కూడా దింపగలదా? టెక్స్టింగ్‌కి అంతలా అలవాటుపడిన ఫిలిప్పీన్స్‌లో ఈ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? వచ్చింది. అక్కడి బిషప్‌లు టెక్స్ట్‌లో పాపసంకీర్తనం కుదరదని తేల్చేశారు. 2002 ఫిబ్రవరిలో వాటికన్ కూడా ఇంటర్నెట్ మీద ఒక పత్రం విడుదల చేసింది. ఇంటర్నెట్‌ని భయపడకుండా వాడండి అని దండిగా ప్రోత్సహిస్తూనే, ఇంటర్నెట్‌లో సంస్కారాలు మాత్రం ఉండవు అని ఒక్క గీత గీసింది. మొదటి ముక్క విని ఆగిపోయినవాళ్లు ఉన్నారు, రెండో ముక్కే విన్నవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకే పత్రంలో ఉన్నాయి.

ఆ గీతకి ఇవతల ఎంత దూరమైనా వెళ్లొచ్చు. 2008 జులైలో సిడ్నీలో ప్రపంచ యువజన దినోత్సవం జరిగినప్పుడు, 16వ బెనెడిక్ట్ పోపు పేరు మీద యువతకి రోజూ ఎస్ఎంఎస్ వెళ్లింది. ఇంగ్లిష్‌లో "యూ" అని మూడు అక్షరాలు రాయకుండా మనలాగే ఒక్క అక్షరంతో సరిపెట్టారు. కింద సంతకం పొడి అక్షరాల్లో. లాటిన్‌లో పేజీలకి పేజీలు రాసే ఆ ప్రొఫెసర్ గారి పేరు మీద! 2011లో అమెరికాలో ఐఫోన్ కోసం పాపసంకీర్తనం యాప్ ఒకటి వచ్చింది. దానికి ఇండియానా రాష్ట్రంలో ఒక బిషప్ అధికారిక అనుమతి కూడా ఇచ్చారు. "ఐఫోన్‌లో పాపక్షమాపణ" అని పేపర్లన్నీ మోగిపోయాయి. అసలు ఆ యాప్ చేసేది, వెళ్లేముందు మనల్ని మనం ప్రశ్నించుకోవడానికి ఒక చెక్‌లిస్ట్ ఇవ్వడం. పాస్‌వర్డ్‌తో సహా. చివరికి గురువు దగ్గరికి వెళ్లాల్సిందే. వాటికన్ ప్రతినిధి ఫెడెరికో లొంబార్డి బయటికొచ్చి, ఐఫోన్ ద్వారా పాపసంకీర్తనం అనే మాటే లేదని చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బందిపెట్టిన భాగం. కతోలిక చట్టంలో దూరం నుంచి జరిగేవి అసలు లేవా అంటే ఉన్నాయి. పెళ్లి చూడండి. అది కూడా సంస్కారమే. వరుడో వధువో రాలేకపోతే తమ తరపున ఇంకొకరిని నిలబెట్టి పెళ్లి చేసుకోవచ్చు, చట్టంలో స్పష్టంగా ఉంది. అలాగే ఇండల్జెన్స్ అని ఒకటుంది. పాపం క్షమించబడ్డాక కూడా మిగిలిపోయే శిక్షని తీసేయడం. పోపు ఇచ్చే ఉర్బి ఎత్ ఓర్బి ఆశీర్వాదంతో వచ్చే ఈ ఇండల్జెన్స్‌ని టీవీ, రేడియో లైవ్‌లో భక్తితో చూసినా విన్నా పొందొచ్చని 1985లో ఒప్పుకున్నారు. అంటే శిక్ష లైవ్‌లో పోతుంది, పాపం మాత్రం లైవ్‌లో పోదు. ఇంజినీరు బుర్రకి ఇది బగ్‌లా కనిపిస్తుంది.

ఆ బగ్ 2020 మార్చి 20న బయటపడింది. 1884లో రిప్లై ఇవ్వని అదే పెనిటెన్షియరీ ఆ రోజు ఒక నోట్ విడుదల చేసింది. కరోనా బాగా ఉన్నచోట, బిషప్ అవసరమని తేలిస్తే, ఒక్కొక్కరి పాపాలు వినకుండానే అందరికీ కలిపి పాపవిమోచనం ఇవ్వొచ్చు. ఉదాహరణకి ఆసుపత్రి వార్డు గుమ్మం దగ్గర నిలబడి. లోపలివాళ్లకి వినపడాలి కాబట్టి, గొంతు పెద్దగా వినిపించే సాధనాలు కూడా వాడొచ్చు. అంటే మైకు, స్పీకరు. ఏ గురువూ దొరక్కపోతే? దేవుడి మీద ప్రేమతో నిజంగా పశ్చాత్తాపపడి, వీలైన వెంటనే పాపసంకీర్తనానికి వెళ్తానని గట్టిగా అనుకుంటే, పెద్ద పాపాలకి కూడా క్షమాపణ ఉంటుంది. ఇది కొత్త రూల్ కాదు, ముందు నుంచీ ఉన్న బోధనే. అదే రోజు ఉదయం పూజలో ఫ్రాన్సిస్ పోపు కూడా ఇదే చెప్పారు. గురువు దొరకట్లేదా, నేరుగా నీ తండ్రి అయిన దేవుడితో మాట్లాడు అని.

బెర్గామో పెద్దాయన దిక్కులేనివాడు కాలేదన్నమాట. కానీ ఆయన వినాలనుకున్న మాట ఆయన చెవిదాకా వచ్చి ఆగిపోయింది, అదీ నిజమే.

ఆ ఏడాది డిసెంబరులో పెనిటెన్షియరీ అధిపతి కార్డినల్ మౌరో పియాచెంజాని ఒక ఇంటర్వ్యూలో సూటిగా అడిగారు. ఫోన్‌లో ఇచ్చిన పాపవిమోచనం చెల్లుతుందా? చెల్లకపోవడానికే అవకాశం ఉందన్నారు. గమనించండి, అక్కడ కూడా నూటికి నూరు పాళ్లు అనలేదు. 1884 నాటి "ఏమో" ఇంకా పూర్తిగా చావలేదు. ఆయన రెండు కారణాలు చెప్పారు. ఒకటి, పాపం చెప్పుకునే మనిషి అక్కడ నిజంగా లేడు. రెండు, ఫోన్లో వెళ్లేది అసలు మాట కాదు, మాటని అనుకరించే విద్యుత్ కంపనాలు.

ఈ రెండో కారణం నాకు ఎక్కలేదు. వార్డు గుమ్మం దగ్గర పెట్టిన స్పీకర్లోంచి వచ్చేది కూడా విద్యుత్ కంపనాలే కదండీ? మైకులో మాట తీగలో కరెంటుగా మారి మళ్లీ శబ్దం అవుతుంది. ఫోన్లోనూ అంతే, కాకపోతే తీగ పొడవు ఎక్కువ. తేడా కరెంటులో లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ గురువుకి ఆ వైరస్ అంటుకోవచ్చు, ఫోన్ అవతల ఉన్న గురువుకి అంటుకోదు. తేడా అక్కడుంది. ఆ రోజుల్లోనే అమెరికాలోని బోవీ అనే ఊళ్లో ఒక ఫాదర్ గుడి పార్కింగ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, జనం కార్లలో వచ్చి కిటికీలోంచి పాపాలు చెప్పుకున్నారు. అది చెల్లింది. ఆరడుగుల దూరం పర్లేదు, కానీ ఇద్దరూ ఒకే గాలి పీలుస్తున్నారు. మొదటి కారణం ఒక్కటే చెప్పి ఆగిపోయి ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

నేనైతే ఇంకో కారణం కూడా జోడిస్తా. గోప్యత. 1577లో మిలాన్ ఆర్చిబిషప్ చార్లెస్ బొర్రోమెయో పాపసంకీర్తన పెట్టె ఎలా ఉండాలో, మధ్యలో జల్లెడ ఎలా ఉండాలో కొలతలతో సహా రాశారు. విన్నది బయటపెట్టిన గురువుకి వెలి శిక్ష. ఉత్తరం అంటే దారిలో ఎవడైనా విప్పి చదవొచ్చు. ఫోన్ అంటే కాల్ రికార్డింగ్, స్క్రీన్‌షాట్, క్లౌడ్ బ్యాకప్. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు లాగ్స్ చూసే పని చేశాను. జనం డిలీట్ చేశామనుకున్నవి ఎన్నిచోట్ల మిగిలిపోతాయో చూశాక, 1602 రూల్ మీద నాకు కొంచెం గౌరవం పెరిగింది.

ఈ వరసలో ఇంకొకటి 2024 నాటిది. స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో ఒక పాత కతోలిక చాపెల్‌లో రెండు నెలల పాటు ఒక ప్రయోగం చేశారు. పాపసంకీర్తన పెట్టెలో గురువు కూర్చునే చోట ఒక స్క్రీన్, దాని మీద ఏఐతో మాట్లాడే యేసు బొమ్మ. వంద భాషల్లో జవాబిస్తుంది. జనం వందల్లో వచ్చి మాట్లాడారు, ఆ సంభాషణల్ని నిర్వాహకులు తర్వాత పరిశీలించారు. పెట్టిన చోటు పాపసంకీర్తన పెట్టే అయినా, ఇది పాపసంకీర్తనం కాదని వాళ్లే ముందే ప్రకటించారు. లోపలికి వెళ్లేవాళ్లకి ఇంకో సూచన కూడా ఇచ్చారు: మీ వ్యక్తిగత విషయాలు దీనికి చెప్పకండి.